మెడమీది గడ్డ, ఊరి మొదటి చాలు

వైద్యం చదువుతున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. కూర్చోగానే, "పెద్ద పెద్ద ఆపరేషన్లు చేసి ఉంటారు కదండీ?" అని అడుగుతారు. పెద్దవే చేశాను. నిమ్మకాయంతవి, కొబ్బరికాయంతవి, ఒకటి లేత గుమ్మడిపిందెంత. అన్నీ చర్మం కింద పెరిగే తిత్తిగడ్డలే. గుండెనూ మెదడునూ ముట్టుకున్న పాపాన పోలేదు. నన్నెవరైనా "గొప్ప సర్జను" అంటే మా ఆవిడ పక్క గదిలోంచి "గడ్డల డాక్టరు" అని సవరిస్తుంది. ముప్పై ఏళ్ళుగా సవరిస్తూనే ఉంది, ఒక్కసారీ తప్పు పోలేదు.

ఈ తిత్తిగడ్డ ఏమిటో ముందు చెప్పాలి. చర్మం కింద చిన్న సంచి ఒకటి ఏర్పడుతుంది. బయటికి రాలిపోవలసిన చర్మపు పొట్టు అందులో చేరుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి నిదానంగా పెరుగుతుంది. నొప్పి ఉండదు, ప్రాణానికి భయం లేదు. లోపల గడ్డపెరుగులాంటి తెల్లని ముద్ద ఉంటుంది. దాని వాసన ఒకసారి తగిలితే రెండు రోజులు అన్నం సయించదు. ఇంత అమాయకమైన రోగంతో ఒక డాక్టరు ఒక మనిషి బతుకును ఎంత అల్లకల్లోలం చేయగలడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ డాక్టరు నేనే.

కోవిల్‌పట్టిలో తొలి ఘనకార్యం

మాది నెల్లూరు వైపు. లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో, ఇరవైల చివర, నన్ను అరవదేశంలోని కోవిల్‌పట్టిలో ఒక చిన్న ఆసుపత్రికి వేశారు. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప, పత్తిమిల్లు కూత. ఆ పల్లెల్లో తెలుగు రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. వాళ్ళ తెలుగు వింటే మా ముత్తాత లేచి వచ్చి మాట్లాడినట్టుండేది. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నా అరవం విని వాళ్ళు బయటికే నవ్వేవారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నాకు కత్తి కనబడితే చాలు, చెయ్యి ఊరుకునేది కాదు. మొదటి నెలలోనే పత్తికొట్టు గుమాస్తా ఒకడు భుజం మీద నిమ్మకాయంత గడ్డతో వచ్చాడు. చీముగడ్డ అనుకుని నిలువుగా కోసి పిండాను. లోపలి సరుకు ఎగిరి నా మీసాల మీద పడింది. గడ్డ మాయమైంది. గుమాస్తా మర్నాడు పూలదండ తెచ్చాడు. ఆ దండ వేసుకుని రోజంతా ఆసుపత్రిలో తిరిగాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఎనిమిది నెలలకు అదే గుమాస్తా, అదే చోట, ఈసారి బత్తాయంత గడ్డతో వచ్చాడు. కట్లు కట్టే దేవసహాయం నాకన్నా పాతికేళ్ళు పెద్ద. నెమ్మదిగా నా చెవిలో, "సార్, సంచి లోపలే ఉండిపోయింది. పప్పు తీసి కాయను వదిలేశారు" అన్నాడు. నేను వినలేదు. రక్తం చెడిందని చెప్పి గుమాస్తాకు ఒక సీసాడు టానిక్కు ఇచ్చి పంపాను.

బతికున్న మనిషిని చంపడం

వెయ్యిమందిని చంపినవాడు సగం వైద్యుడని అక్కడ అరవంలో ఒక సామెత ఉంది. నేను ఒక్క మనిషినే చంపి పూర్తి వైద్యుణ్ణి అయిపోయాననుకున్నాను. ఆ ఒక్కడూ రంగప్ప నాయకరు.

విళాత్తికుళం దారిలోని ఒక పల్లె నుంచి బండి కట్టుకుని వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మెడ వెనక తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. తీస్తే కొబ్బరికాయంత గడ్డ. ఎవరో నాటువైద్యుడు దాని మీద రెండు వాతలు పెట్టాడు. మరెవరో సున్నమూ సబ్బూ కలిపి పట్టించారు. చర్మం పుండుపడి, గట్టిపడి, గడ్డకు అంటుకుపోయింది. మెడ పక్కన బిళ్ళలు కట్టాయి. తల అటూ ఇటూ తిప్పలేడు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిరగవలసిందే.

ఎన్నాళ్ళ నుంచి ఉందని నా గొప్ప అరవంలో అడిగాను. "పోయిన పురట్టాసి నుంచి" అని అరవంలోనే, అరవ నెల లెక్కలో చెప్పాడు. నాలుగు నెలలు. నాలుగు నెలల్లో కొబ్బరికాయంత పెరిగింది, రాయిలా ఉంది, కదలడం లేదు, పక్కన బిళ్ళలు. పుస్తకంలో క్యాన్సర్ అధ్యాయం ఆ వారమే మళ్ళీ చదివి ఉన్నాను. అన్నీ సరిపోయాయి. దేవసహాయం దీపం దగ్గరికి పట్టి, "సార్, నడిమధ్యన నల్లచుక్క ఒకటి కనిపిస్తోంది" అన్నాడు. "అది వాత మచ్చ" అని కసిరాను.

వరండాలో నాయకరు భార్య కొండమ్మ నిలబడి ఉంది. తలుపు దగ్గరికి వచ్చి, "సామీ, అదీ..." అని ఏదో చెప్పబోయింది. ఆడవాళ్ళు బయట ఉండాలని చెయ్యి ఊపాను.

తరువాత కుర్చీలో వెనక్కి వాలి, నాయకరికి నిజం చెప్పేశాను. ఇది పుట్టకురుపు, కత్తి పెడితే ఇంకా తొందరగా పోతారు, ఆరు నెలల కంటే చెప్పలేను, ఇంటి పనులు చక్కబెట్టుకోండి అన్నాను. నేను తెలుగువాణ్ణని ఆయనకు అప్పటికి తెలిసినట్టుంది, తెలుగులో, "దాచకుండా చెప్తిరి సామీ. మీ పిల్లలు బాగుండవల్ల" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటికి నాకు పిల్లలు లేరు. అంత ధైర్యంగా నిజం చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకుని, అరుదైన కేసు చూశానని చదువుకున్నప్పటి స్నేహితుడికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను.

విరుదునగరులో చదివిన చదువు

ఏడాది తిరక్కుండా నన్ను విరుదునగరు మార్చారు. అక్కడి పెద్ద డాక్టరు దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. మంచి మనిషి అని చెప్పలేను. నర్సుల్ని ఏడిపించేవాడు, పేదవాళ్ళను నువ్వూ నువ్వూ అనేవాడు, ఎదురు చెబితే చేతిలోని పళ్ళెం విసిరేవాడు. కాని ఆ వేళ్ళున్నాయే, వాటికి కళ్ళున్నాయి. ఆయన దగ్గర నేర్చిందే ఈనాటికీ నా దగ్గరున్న చదువు.

"ముందు వేళ్ళతో చూడు, పేరు తరువాత పెట్టు" అనేవాడు. తిత్తిగడ్డను బొటనవేలితో నొక్కితే మెత్తని మట్టిముద్దలో పడ్డట్టు గుంట పడి కాసేపు నిలుస్తుంది. పై చర్మాన్ని గిల్లి ఎత్తబోతే ఒకచోట లేవదు, గడ్డకు అంటుకుని ఉంటుంది. ఆ చోటే నల్లచుక్క ఉంటుంది, సంచి మూతి అదే. కింది కండ మీద మాత్రం గడ్డ జరుగుతుంది. పుట్టుకతో వెన్నెముక మీద ఉన్న గడ్డ అయితే కత్తి పక్కన పెట్టు, అది వేరే సంగతి. ఇక తీయడం మొదలుపెట్టాక సంచిని చింపకుండా మొత్తంగా తీయాలి, గోరంత ముక్క మిగిలినా మళ్ళీ పెరుగుతుంది.

ఆయన ఇవి చెబుతున్నప్పుడు పత్తికొట్టు గుమాస్తా టానిక్కు గుర్తొచ్చింది. ఆ వెనకే దేవసహాయం చూపిన నల్లచుక్క గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గాని, శుభ్రంగా నిద్రపోయాను. రంగప్ప నాయకరు ఎలాగూ పోయి ఉంటాడు కదా అని సర్దిచెప్పుకున్నాను.

పోని మనిషి

నేను ఆరు నెలల గడువు ఇచ్చి రెండేళ్ళయ్యాక, అరవవాళ్ళ మాసి నెలలో ఒక పొద్దున, విరుదునగరు ఆసుపత్రి వరసలో తువ్వాలు కప్పుకున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. పక్కన కొండమ్మ. నా చేతిలోని కలం కింద పడింది.

"ఏమి సామీ, మరచిపోతిరా? కోవిల్‌పట్టిలో ఆరు నెలలు గడువు ఇస్తిరి కదా, ఆ రంగప్పను."

"మీరు... బాగున్నారా?" అన్నాను. అంతకన్నా తెలివైన మాట నోట రాలేదు.

"బాగుండేదే ఇప్పుడు కష్టం అయిపోయింది సామీ" అని బల్ల మీద కూర్చుని, తీరిగ్గా చెప్పాడు.

ఇంటికి వెళ్ళిన వారానికే చేను పంచి ఇచ్చేశాడట. ఆ ఊరిలో ఏటా చిత్తిర నెలలో, అంటే మన చైత్రంలో, మంచిరోజు చూసి మొదటి చాలు దున్నే హక్కు వాళ్ళ ఇంటిది. ఆ చాలు పడ్డాకే మిగతా ఊరు అరక కడుతుంది. ఆ హక్కుకు గుర్తుగా ఎద్దుల్ని తోలే ముల్లుగర్రను కూడా, తనకు మగపిల్లలు లేనందున, తమ్ముడి కొడుకు చెన్నప్పకు ఊరి ముందు అప్పగించాడు.

"ఆరు నెలలు ఊరంతా పిలిచి నెయ్యి పోసి కూడు పెట్టిరి. సాత్తూరు నుంచి వియ్యంకుడు వచ్చి ఏడ్చి పోయె. ఏడో నెల మళ్ళీ వచ్చి, 'ఏమప్పా, ఇంకా ఉండావా' అనె. ఆపైన అందురూ అలిసిపోతిరి. ఎద్దులు ఉన్న చోటే ఉండాయి, చేను ఉన్న చోటే ఉండాది, నేనూ ఉండాను. ముల్లుగర్ర మాత్రం చేతిలో లేదు."

"తిరిగి తీసుకోకూడదా?"

"చావుకు తయారై ఇచ్చేది సామీ అది. ఇచ్చినవాడు మళ్ళీ పట్టరాదు. పెద్దలను అడిగితే ఒక దారి చెప్పిరి. చస్తావని చెప్పిన నోరే వచ్చి, చేనులో నిలబడి, కాదు అనవల్ల. అంతే." నా మొహం చూసి మెల్లగా అన్నాడు. "ఈ గడ్డ పోకపోయినా పరవాలేదు. చిత్తిరకు మీరు వచ్చి ఆ ఒక మాట అనవల్ల. దొడ్లో కట్టేసిన ముసలి ఎద్దు మాదిరి ఉండాను సామీ, నేను."

జవాబు తప్పించుకోవడానికి, ముందు గడ్డ చూస్తానన్నాను. నొక్కాను, గుంట పడింది. పుండు మాని వాతల మచ్చలు తెల్లబడి ఉన్నాయి. వాటి మధ్య నల్లచుక్క నన్నే చూస్తోంది. అప్పుడు చేయవలసిన పని రెండేళ్ళు ఆలస్యంగా చేశాను. కొండమ్మను లోపలికి పిలిచి, "అమ్మా, ఇది ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగాను.

"పెండ్లయిన మూడోనాడు తలంటు పోస్తా ఉంటే చేతికి తగిలె. చింతగింజంత ఉండింది. ఇరవై ఎనిమిది ఏండ్లు ఆయె."

నాయకరి వైపు తిరిగి, నాలుగు నెలలని చెప్పారే అన్నాను. "నొప్పి వచ్చింది అప్పుడు కదా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నొప్పి లేంది రోగం ఎట్టవుతుంది? ఊరికే ఉండేదాన్ని డాక్టరుకు చెప్పి ఏమి లాబం?"

ఆ పల్లెల్లో అందరి లెక్కా అదే. కరువును కూడా బావి ఎండిన రోజు నుంచే లెక్కపెడతారు. అది తెలుసుకోకుండా నేను అడిగాను, ఆయన తన లెక్కలో నిజమే చెప్పాడు.

"నేను చెప్పేదానికి వస్తిని" అంది కొండమ్మ. "చెయ్యి ఊపి పొమ్మంటిరి."

కుర్రవాళ్ళారా, రోగిని ఎన్నాళ్ళయిందని అడగండి, తప్పులేదు. తరువాత ఆయనకు తలంటు పోసే మనిషిని అడగండి.

రెండు గంటల కోత

నాయకరిని బోర్లా పడుకోబెట్టి, క్లోరోఫారం వద్దని, ఆ చోటు ఒక్కటే మొద్దుబార్చే నొవొకెయిన్ సూదులే వేశాను. అందువల్ల ఆపరేషన్ సాగినంతసేపూ రోగి మాట్లాడుతూనే ఉన్నాడు. నల్లచుక్క చుట్టూ ఆకు ఆకారంలో కోసి, వంకర కత్తెరతోనూ వేలితోనూ సంచి చుట్టూ నిదానంగా దారి చేసుకుంటూ పోయాను. "సామీ, నాగలి లోతుగా పోతా ఉండాదా?" అన్నాడు కిందినుంచి. పోతోందన్నాను. "రాయి తగిలితే కొట్టవద్దు, పక్కన పొండి."

రాయి తగలనే తగిలింది. వాతలు పెట్టిన చోట సంచి చర్మానికి అతుక్కుని విడివడలేదు. కత్తెర జారింది, సంచి చిరిగింది, ఆ వాసన గదంతా నిండింది. నర్సు బయటికి పరుగెత్తింది. పెద్ద డాక్టరు గుమ్మంలోనే ముక్కు మూసుకుని నిలబడి, "ముక్క మిగిల్చావంటే వెతుక్కుంటూ నీ దగ్గరికే వస్తుంది" అన్నాడు. మచ్చలు పడ్డ చర్మాన్నీ కలిపి కోసి, తునకలు తునకలుగా అంతా తీశాను. నీళ్ళతో కడిగి మళ్ళీ వెతికాను. కుట్లు వేసేసరికి రెండు గంటలు దాటింది. ఆ కుట్టు దర్జీ చూస్తే నన్ను పనిలో పెట్టుకోడు.

పళ్ళెంలోని గడ్డను నాయకరికి చూపించాను. తల పక్కకు తిప్పి చూశాడు. మెడ తిరుగుతోందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కట్లు విప్పి పంపేరోజున ఆయన, "చిత్తిరకు వస్తారా సామీ?" అని మళ్ళీ అడిగాడు. చూస్తానన్నాను. పెద్ద డాక్టరును అడిగితే, "వెళ్ళకు. డాక్టరు తప్పు ఒప్పుకున్నాడంటే రేపటినుంచి ఆ వైపు ఒక్కడు రాడు" అన్నాడు. తిత్తుల విషయంలో ఆయన మాట నాకు వేదం. ఇది విన్నప్పుడు మాత్రం, సంచి ముక్కను లోపలే వదిలేయమంటున్నాడే అనిపించింది. అనిపించినా భయం పోలేదు. రైలెక్కేదాకా వెళ్తానో లేదో నాకే తెలియదు.

చిత్తిర

కోవిల్‌పట్టి స్టేషనుకు చెన్నప్పే బండి తెచ్చాడు. పాతికేళ్ళ మనిషి. దారంతా ఎద్దుల్నే చూస్తూ, ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. "పెద్దయ్య ఉండంగా ముల్లుగర్ర పట్టి దున్నేది నాకూ బాగలేదు సామీ. రెండేండ్లు తల ఎత్తకుండా దున్నితిని."

చేనులో ఊరంతా నిలబడి ఉంది. ఎద్దుల కొమ్ములకు పసుపు పూశారు. నేను దారిలో తయారు చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. రోగ లక్షణాలు ఒక్కోసారి మారుతూ ఉంటాయని, ఆనాటి పరిస్థితిని బట్టి వైద్యుడు ఒక అభిప్రాయానికి వస్తాడని, తరువాత దైవానుకూలం వల్ల... అంటూ గంభీరంగా నడిపిస్తున్నాను. నా మాటలు ఎవరికీ అర్థం కావడం లేదని నాకు తెలుసు. అర్థం కాకూడదనే అలా మాట్లాడుతున్నాను.

కొండమ్మ ముందుకు వచ్చింది. ఈసారి చెయ్యి ఊపడానికి అది నా వరండా కాదు.

"సామీ, చుట్టి చుట్టి చెప్పవద్దు. తప్పు చెప్తిరా, లేదా?"

"తప్పే చెప్పాను" అన్నాను. "అది చంపే గడ్డ కాదు. సరిగ్గా చూడలేదు. ఈమె చెప్పవస్తే వినలేదు. దేవసహాయం చెబితే కసిరాను. ఈయన చస్తాడన్న మాట నాది, అది తప్పు."

చెప్పేసి గట్టుమీద కూర్చున్నాను. ఊరి పెద్ద ఒకాయన పొగాకు నములుతూ, "డాక్టరు తప్పు అనేది ఈ చెవులతో ఇదే మొదలు వినేది" అన్నాడు. అంతే, విచారణ ముగిసింది. పెద్ద డాక్టరు జోస్యం కూడా తప్పింది. ఆ వైశాఖంలో ఆ ఒక్క ఊరినుంచే పదకొండు గడ్డలు విరుదునగరుకు వచ్చాయి. తప్పు ఒప్పుకునే డాక్టరు ఎలా ఉంటాడో చూసిపోదామని ఏ గడ్డా లేనివాళ్ళూ కొందరు వచ్చారు.

చెన్నప్ప ముల్లుగర్ర తెచ్చి పెదనాన్న చేతిలో పెట్టాడు. నాయకరు దాన్ని కళ్ళకద్దుకుని నాగలి పట్టాడు. నల్లమట్టి రెండుగా చీలుకుంటూ చేను చివరిదాకా పోయింది. గట్టు దగ్గర ఎద్దుల్ని ఆపి, ఒళ్ళు తిప్పకుండా, మెడ ఒక్కటే తిప్పి, తాను దున్నిన చాలును వెనక్కి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"చక్కగా లేదు సామీ" అని నాకు వినబడేలా కేకవేశాడు. "మీ కుట్టు మాదిరి వంకరపోయింది."

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. ఇక రెండో చాలు దున్నుతాడనుకున్నాం. ఆయన నాగలి వదిలి చెన్నప్పను దగ్గరికి పిలిచాడు.

"ఇందా, పట్టుకో. అప్పుడు చస్తానని ఇస్తిని. ఇప్పుడు బతికి ఇస్తా ఉండాను."

చెన్నప్ప ఈసారి తల ఎత్తి అందుకున్నాడు.